పాముకు పది రోజులు

పామును చంపడానికి మూడు దెబ్బలు. మొదటిది నడుం మీద వెయ్యాలి. అది పడ్డాక పాము ముందుకు పోలేదు. రెండోది తల మీద. మూడోది కూడా తల మీదే. నిజానికి మూడో దెబ్బ అవసరం లేదు, కానీ చెయ్యి ఆగదు.

ముప్పై ఒక్క ఏళ్ళు కాలవ మీద లస్కరుగా పనిచేశాను. తూము తలుపులు ఎత్తడం, దించడం, గట్టు కాయడం నా పని. గట్టుకు బొరియలు పెట్టే ఎలుకలూ, వాటి కోసం వచ్చే పాములూ నా చేతిలో చచ్చాయి. ఎన్నో లెక్కపెట్టలేదు. అలాంటి నన్ను ఈ పరాయి దేశంలో, వాటర్లూలో, నా మనవరాలు పాముకు ఇల్లు అమర్చిపెట్టమని అడిగింది.

ఇషితకు పదకొండేళ్ళు. సెప్టెంబరులో స్కూల్లో ఒక పిల్లను స్టీలు నీళ్ళ సీసాతో మూతి మీద కొట్టింది. రెండు పళ్ళు ఊడాయి. ఆ పిల్ల ఇషిత డబ్బాలో కూర చూసి ముక్కు మూసుకుందట. ఐదు రోజులు స్కూలుకు రావద్దన్నారు. అక్కడి కౌన్సిలర్ నా కూతుర్ని పిలిచి, పిల్ల చేతికి ఏదైనా ప్రాణిని అప్పగించండి, మెత్తగా పట్టుకోవడం నేర్చుకుంటుంది అని చెప్పింది. అల్లుడు శ్రీరామ్‌కు కుక్క వెంట్రుకా పడదు, పిల్లి వెంట్రుకా పడదు. పిల్ల పామును అడిగింది. నా కూతురు మృదుల మూడు వారాలు వద్దని, చివరికి ఒప్పుకుంది.

ఒప్పుకున్న రోజే నాతోనూ ఒక మాట అంది. వంటగదిలో గిన్నెలు సర్దుతూ, నా వైపు చూడకుండా అడిగింది.

"నాన్నా, నిన్ను ఇక్కడికి పిలిపించుకున్నప్పుడు ఒకటి చెప్పాను. గుర్తుందా?"

"ఉంది."

"ఏంటో చెప్పు."

"ఈ ఇంట్లో ఎవరి మీదా చెయ్యెత్తకూడదు."

"ఎత్తితే?"

"మార్కమ్‌లో మీ అన్నయ్య దగ్గరికి."

ఆమె ఒక గిన్నెను గట్టిగా బోర్లించింది. "స్కూలు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నాకు దాని మొహం కాదు, నీ మొహం కనపడింది. దానికి నీ చెయ్యే వచ్చింది. ఎట్లా ఆపుకోవాలో నువ్వే చేసి చూపించు. నీవల్ల కాకపోతే చెప్పు, ఇప్పుడే దింపేసి వస్తాను."

సరే అన్నాను. మా అబ్బాయి ఇల్లు పెద్దది. నాకు అక్కడ గది ఉంది, టీవీ ఉంది. ఇషిత లేదు. ఈ పిల్ల రోజూ బస్సు దిగి వచ్చి, బూట్లయినా విప్పకుండా నా పక్కన కూర్చుని అరగంట ఇంగ్లీషులో మాట్లాడుతుంది. నాకు సగం అర్థం కాదు. అడ్డం మాట్లాడను. అందుకే నాకు చెబుతుందనుకుంటాను.

పాము అక్టోబరు మూడో వారంలో వచ్చింది. చదువైపోయి ఊరు వదిలిపోతున్న ఒక తెల్లపిల్ల దగ్గర కొన్నారు. బాల్ పైథాన్ అంటారట. కొండచిలువ జాతి, కానీ నా చెయ్యంత పొడుగే. ముదురు గోధుమరంగు మీద పసుపు మచ్చలు. విషం లేదు. భయపడితే ముద్దలా చుట్టుకుని తల లోపల దాచుకుంటుంది. పిల్ల దానికి బిస్కెట్ అని పేరు పెట్టింది.

"టెన్ డేస్ నో టచింగ్, తాతా," అంది ఇషిత. "కొత్త ఇంటికొచ్చిన పాము ఎవర్నీ ట్రస్ట్ చెయ్యదు. లోపల్నుంచి దానంతట అదే బయటికి రావాలి. టెన్త్ డే ఫుడ్ పెడతాం. తింటే సెటిల్ అయినట్టు."

"తినకపోతే?"

"చచ్చిపోవచ్చు." ఆ మాట తెలుగులోనే అంది.

మృదుల పామును పైన ఉంచడానికి ఒప్పుకోలేదు. కింద బేస్‌మెంటులో బట్టలుతికే గది వెచ్చగా ఉంటుంది. గాజుపెట్టెను అక్కడ పెట్టాం. దానికి ఏం కావాలో ఇషిత ఫోన్‌లో చూసి చెప్పింది, నేను చేశాను. ఒక మూల కింద వేడి పలక, రెండో మూల చల్లగా వదిలెయ్యడం. మధ్యలో నీళ్ళ గిన్నె. అడుగున కొబ్బరిపీచు పొట్టు. షాపులో కొన్న ప్లాస్టిక్ గుహను చూడగానే అది పనికిరాదని నాకు తెలిసింది. మరీ వెడల్పు. పాముకు వీపూ, పక్కలూ గోడకు తగలాలి. అప్పుడే అది నిద్రపోతుంది. గట్టు మీద బొరియ వెడల్పు చూసి లోపల పాము ఉందో లేదో చెప్పేవాణ్ణి. ఉంటే గునపం దించేవాణ్ణి. ఇప్పుడు ఆ కొలత గుర్తుపెట్టుకుని ఒక పూలకుండీని పగలగొట్టి, అంచులు రాయి మీద అరగదీసి, బోర్లించి పెట్టాను. పాము ముందు తల పెట్టి చూసింది. తర్వాత మొత్తం లోపలికి పోయింది.

ఇషిత నా మెడ కౌగిలించుకుంది. "హౌ డు యు నో ఆల్ దిస్?"

నేను పగిలిన కుండీ పెంకులు ఏరడం మొదలుపెట్టాను.

బేస్‌మెంటులో ఐదుగురు స్టూడెంట్లు అద్దెకున్నారు. ఆ ఏడు ఎటు చూసినా స్టూడెంట్లే. కాలేజీలు పిలుస్తున్నాయి, విమానాలు దింపుతున్నాయి, ఊళ్ళో గదులు లేవు. "అన్నా, హాల్లో చాపేసుకుని పండుకుంటం" అని అల్లుడికి రోజూ ఎవరో ఒకరు ఫోన్ చేసేవాళ్ళు. ఈ ఐదుగురిలో పాండురంగ ఒకడు. జగిత్యాల దగ్గర పసుపు పండించే ఊరివాడు. పొద్దున కాలేజీ, సాయంత్రం గోడౌనులో పెట్టెలు మొయ్యడం.

మూడో రోజు బట్టల బుట్ట పట్టుకుని వచ్చి పెట్టె మీద కప్పిన దుప్పటి చూశాడు.

"తాతా, గా డబ్బాల ఏమున్నది?"

"పాము."

"మస్తు జోకులేస్తవ్ తాతా." నవ్వుతూనే దుప్పటి అంచు ఎత్తాడు. బుట్ట చేతిలోంచి జారిపోయింది. వీపు గోడకు అంటుకుపోయింది. వాడి మెడ నరాలు కొట్టుకోవడం నాకు కనిపించింది.

"గిది ఇంట్లెందుకున్నది?"

"ఇషితది. విషం లేదు."

"విషం ముచ్చట నాకు చెప్పకు తాతా. మా అన్నకు గూడ గట్లనే అన్నరు. ఏం గాదు, చీమ కుట్టినట్టున్నది, పండుకో అన్నరు. పొద్దుగాల లేపవోతే నోట్లెకెల్లి నురగ. కండ్లు మూసుకుంటలేవు. కట్లపాము. నేలమీద పండుకున్నోని పక్కలకొచ్చింది. ఆ పక్కన పండుకున్నది నేనే."

నేను నేలమీది బట్టలు ఏరి బుట్టలో వేశాను.

ఆ సాయంత్రం వాడు పైకి వచ్చి మృదులతో మాట్లాడాడు. "అక్కా, నేను గూడ నేలమీదనే పరుపేసుకుంటున్న. నాతోని గాదు."

"గదికి తాళం వేస్తాను పాండూ. తాళంచెవి నాన్న దగ్గరే ఉంటుంది. ఇంకోచోట రూమ్ దొరికితే చూసుకో, డిపాజిట్ మొత్తం ఇచ్చేస్తాను."

"యాడ దొర్కుతది అక్కా, ఈ టైముల?"

వాడు కిందికి పోయాడు. పోతూ గ్యారేజీలోంచి మంచు ఎత్తే పార తీసుకెళ్ళాడు. అంచుకు ఇనప రేకు ఉన్న పార. అది వాడి పరుపు పక్కనే ఉంటోందని తర్వాత మిగతా కుర్రాళ్ళు నవ్వుతూ చెప్పారు.

ఐదో రోజు వాళ్ళలో ఎవరో తాళం తెరిపించుకుని బట్టలారబెట్టే మిషన్‌లో బూట్లు కూడా వేశారు. గది మొత్తం దడదడలాడింది. పాము కుండీలోంచి బయటికి వచ్చి ముక్కుతో అద్దాన్ని పొడుచుకుంటోంది. మూతి దగ్గర ఎర్రగా అయింది. ఇషిత స్కూలు నుంచి వచ్చి అది చూసింది. అప్పుడే పాండురంగ బట్టలు తీసుకోవడానికి గుమ్మంలోకి వచ్చాడు. పిల్ల సబ్బునీళ్ళ డబ్బాను పిడితో పట్టుకుని వాడి తల మీదికి ఎత్తింది. నిండు డబ్బా. నేను మణికట్టు పట్టుకున్నాను.

"లెట్ గో, తాతా! వాడు బిస్కెట్‌ని చంపేస్తున్నాడు!"

"చెయ్యి దించు."

"నో!"

"దించమ్మా."

ఆ మణికట్టు ఎంత సన్నం, ఎంత బలం. నా పిడికిట్లో అది తిరగబడుతుంటే నా చెయ్యే నన్ను లాగుతున్నట్టు ఉంది. చివరికి డబ్బా దించింది. పాండురంగ బట్టలు వదిలేసి పోయాడు. పోతూ, "తాతా, గీ పిల్ల పాము కన్న డేంజర్," అన్నాడు.

ఇషిత గోడకు ఆనుకుని కూర్చుంది. "నీకు కోపం రాదా?"

"వస్తుంది."

"మరి ఏం చేస్తావ్?"

చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని బల్ల మీద కూర్చుని చూపించాను.

"దట్స్ ఇట్?"

"అంతే."

నవ్వింది. తనూ చేతుల మీద కూర్చుంది. ఇద్దరం అలాగే ఉండిపోయాం. నేను మిషన్ కింద పాత దుప్పటి నాలుగు మడతలు పెట్టాను. గాజుపెట్టె కిందా పెట్టాను. పాము మళ్ళీ కుండీలోకి పోయింది.

ఎనిమిదో రోజు శనివారం. ఆ రోజు నాగుల చవితి.

పొద్దున తొమ్మిదింటికి శ్యామల గారు వచ్చారు. మా వీధిలో పన్నెండేళ్ళుగా ఉంటున్న ఆవిడ. వెంట ఇద్దరు ఆడవాళ్ళు. ముగ్గురూ పట్టుచీరల మీద చలికోట్లు వేసుకున్నారు. పళ్ళెంలో చలిమిడి, చిమ్మిలి, వడపప్పు, రెండు కోడిగుడ్లు, పసుపూ కుంకుమా. ఒకావిడ చేతిలో ఫ్రిజ్‌లోంచి తీసిన పాలసీసా. దాని మీద ఇంకా చెమట ఉంది.

"రాఘవులు గారూ, పన్నెండేళ్ళబట్టీ వెండి పడగకే పాలు పోస్తున్నానండీ. ఈ దేశంలో పుట్ట ఎక్కడుంది చెప్పండి? మీ ఇంట్లో స్వామి స్వయంగా ఉన్నాడని తెలిశాక కాళ్ళు నిలవలేదు."

"అది నాగుపాము కాదమ్మా."

"ఏ పామైతేనేం? ఆయన పరివారమేగా!"

"పాలు తాగదు."

"మీ ఊళ్ళో పుట్టలో పోసిన పాలు ఎవరు తాగారండీ? మనం పోస్తాం, మన పుణ్యం మనది."

మృదుల కాదనలేకపోయింది. పండగపూట గుమ్మంలోకి వచ్చిన ముత్తైదువలు. "ఆంటీ, అద్దం బయట నుంచే దణ్ణం పెట్టుకోండి. ఇంకా ఎనిమిదో రోజే, భయపడుతుంది," అని మరీ మరీ చెప్పింది.

"అలాగేనమ్మా, అంతమాత్రం తెలీదూ!"

ఇషిత గాజుపెట్టెకు అడ్డంగా నిలబడింది. శ్యామల గారు దీపం వెలిగించి, కొబ్బరికాయ కొట్టడానికి ఏమైనా ఉందా అన్నారు. పైన పనిముట్ల పెట్టెలో సుత్తి ఉంది, తెమ్మని మృదుల పిల్లను పంపింది. ఆఫీసు ఫోన్ మోగితే తనూ పైకి పోయింది. నేను తలుపు దగ్గర ఉన్నాను.

ఆవిడ మూత గడియ తీశారు.

వద్దు అనాల్సింది నేను. పెద్దింటావిడ, మడితో ఉంది, ఉపవాసం ఉంది. ఎలా అనాలో తోచలేదు. అంతలో పసుపు పడింది, కుంకుమ పడింది, చిమ్మిలి ఉండ పడింది. గుడ్డు కుండీ మీద దొర్లింది. చివరికి పాలు, చల్లటివి, సీసా మొత్తం కుండీ మీదే పోశారు. పాము తల బయట పెట్టింది. ఆవిడ పరవశంతో, "చూశారా, వచ్చాడు!" అని, పుట్టమన్ను బదులు కొబ్బరిపీచు చిటికెడు తీసి చెవులకు పెట్టుకోవడానికి చెయ్యి లోపల పెట్టారు.

పాము కొట్టింది.

గాజుల పైన, ముంజేతిని పట్టుకుంది. ఆవిడ అరిచి చెయ్యి విదిలించారు. చేతితోపాటు పామూ పైకి లేచింది. దీపం పడింది. పళ్ళెం పడింది. పాము నేల మీద పడి, పాలతో తెల్లగా, కుంకుమతో ఎర్రగా మెలికలు తిరిగింది. ఆవిడ చేతి మీద రెండు వరసల రక్తపు చుక్కలు. "స్వామీ, తప్పు తప్పు స్వామీ!" అని అరుస్తూ రెండో చేత్తో చెంపలు వేసుకుంటున్నారు.

ఎదురుగది తలుపు తెరుచుకుంది. పాండురంగ బనీనుతో ఉన్నాడు. రాత్రి షిఫ్టు నుంచి వచ్చి పడుకున్నట్టున్నాడు. ఆవిడ చేతి మీద రక్తం చూశాడు. తన గుమ్మం వైపు వస్తున్న పామును చూశాడు. అరవలేదు. వాడి గొంతులోంచి పశువు మూలిగినట్టు ఒక శబ్దం వచ్చింది. పార రెండు చేతులా ఎత్తి దించాడు.

ఇనప అంచు సిమెంటు మీద నిప్పు రాల్చింది. తోక చివర రెండంగుళాలు తెగి వేరుగా కొట్టుకుంది. మళ్ళీ ఎత్తాడు.

నేను పార కర్రను మధ్యలో పట్టుకుని లాగేశాను. దాని పిడి చివరతో వాడి కడుపులో పొడిచాను. వాడు వంగాడు. పాము నా కాళ్ళ వెనక్కు పోయింది. అక్కడికి అయిపోయింది. వాడు రెండు చేతులూ పైకెత్తి, "తాతా, ఆగు, ఆగు," అన్నాడు. నేను విన్నాను. బాగానే విన్నాను. అయినా కర్రను అడ్డంగా తిప్పి మొహం మీద కొట్టాను. ముక్కు ఎముక విరిగిన శబ్దం నా మోచేతిదాకా తెలిసింది. పడ్డాక కూడా ఒకటి వేశాను. భుజం మీద. పాములకు వేసినట్టే, చెయ్యి ఆగక.

అప్పుడు నా పక్కనుంచి ఇషిత దూసుకుపోయింది. ఎప్పుడు మెట్లు దిగిందో తెలియదు. చేతిలో సుత్తి. పడి ఉన్నవాడి మీద మోకాలు వేసి, సుత్తి తలపైకి ఎత్తింది. ఆ పిల్ల కళ్ళలో ఏడుపు లేదు. పళ్ళు బిగించి ఉంది. ఆ మొహం ఎవరిదో నాకు తెలుసు.

పట్టుకునే వ్యవధి లేదు. వాడి నుదుటి మీద నా అరచెయ్యి పెట్టాను.

సుత్తి నా చేతి వెనక పడింది. ఎండుకొమ్మ విరిగినట్టు లోపల ఏదో విరిగింది. నాకు కళ్ళు బైర్లు కమ్మాయి. చెయ్యి తియ్యలేదు, ఇంకోసారి ఎత్తుతుందేమోనని.

ఎత్తలేదు. సుత్తి వదిలేసి నా చెయ్యి వైపు చూసింది. అది అప్పటికే వేళ్ళు కనపడనంత ఉబ్బుతోంది. దాని కింద పాండురంగ ముక్కులోంచి రక్తం కారి నేల మీది పాలలో కలుస్తోంది. పిల్ల గోడ వైపు తిరిగి వాంతి చేసుకుంది.

మృదుల మెట్ల మీద నిలబడి ఉంది. ఫోన్ చేతిలోనే ఉంది. ఎంతవరకు చూసిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

పామును నేనే ఎడమచేత్తో తీశాను. చుట్టుకోలేదు, కరవలేదు. అంత భయం. గోరువెచ్చని నీళ్ళతో పాలు కడిగి, తోకకు గుడ్డ చుట్టి, దిండు గలీబులో పెట్టి ముడి వేశాను. మృదుల దాన్ని కారు హీటరు ముందు పెట్టింది. మొదట పశువుల డాక్టరు దగ్గర పామును దించి, అక్కడినుంచి మా ముగ్గుర్ని ఆస్పత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళింది. శ్యామల గారికి వాళ్ళింట్లోనే కట్టు కట్టారట. పాముకాటుకు ఇంజక్షన్ ఇప్పించమని ఆవిడా, విషం లేని పాముకు ఇంజక్షన్ లేదని వాళ్ళాయనా పంపే మెసేజులు దారి పొడుగునా మృదుల ఫోన్‌కు వస్తూనే ఉన్నాయి.

ఎమర్జెన్సీలో నాలుగు గంటలు కూర్చున్నాం. పాండురంగ ముక్కు మీద మంచు సంచి. నా చెయ్యి ఒళ్ళో. మా ఇద్దరి మధ్య ఇషిత. మృదుల ఎదురు వరసలో, మా వైపు చూడకుండా కూర్చుంది.

"మార్కమ్‌కు ఇవాళే ఫోన్ చేస్తాను," అంది ఒకసారి. "సాయంత్రానికి అన్నయ్య వస్తాడు."

"సరే," అన్నాను.

"తాతా ఎక్కడికీ వెళ్ళడు!" అంది ఇషిత. "తాతా సేవ్డ్ బిస్కెట్! అమ్మా, నువ్వు చూళ్ళేదు. హీ వాజ్ సో ఫాస్ట్." వాంతి చేసుకున్న పిల్ల మొహం మళ్ళీ వెలిగింది. నా మోచెయ్యి పట్టుకుని ఆనుకుంది. సీసాతో పళ్ళు రాలగొట్టి వచ్చిన రోజున కూడా ఆ మొహంలో ఇదే వెలుగు ఉందని మృదుల తర్వాత చెప్పింది.

నర్సు మమ్మల్ని పిలిచింది. పాండురంగను ఏం జరిగిందని అడిగింది. వాడు నా వైపు ఒకసారి చూసి ఇంగ్లీషులో చెప్పాడు. నాకు ఇంగ్లీషు సరిగా రాదు. కానీ ఆ ఒక్క మాట వచ్చు. మా ఇంట్లో పిల్లలు ఎక్కేవీ దిగేవీ. స్టెయిర్స్.

శాంతమ్మ కూడా అదే చెప్పేది. నా భార్య. మా ఊరి ఆరెంపీ డాక్టరు దగ్గర, పెదవి చిట్లినా, చెవి వాచినా, మెట్ల మీద జారానండీ అనేది. డాక్టరు కుట్లు వేసేవాడు. నేను గుమ్మంలో బీడీ కాలుస్తూ నిలబడేవాణ్ణి. లస్కరు క్వార్టరుకు మెట్లే లేవు. డాక్టరుకు తెలుసు, ఊరికి తెలుసు. పక్కన లంగా పట్టుకుని నిలబడ్డ మృదులకూ తెలుసు. ఎవరూ అడగలేదు. రెండేళ్ళ కిందట శాంతమ్మ పోయేదాకా ఆ మాట మెట్లుగానే ఉండిపోయింది.

"ఇషితా," అన్నాను. "నేను కొట్టానని చెప్పు."

"తాతా, నో. పోలీస్ వస్తారు."

"చెప్పు."

"అంకుల్ ఫాల్ అయ్యానని చెప్పేశాడు కదా! ఇట్స్ ఫైన్!"

పాండురంగ మంచు సంచి కిందినుంచి, "తాతా, ఊకో. పెద్దమనిషివి. ఏం ఫరక్ పడది," అన్నాడు.

"వాడు చేతులెత్తాడు. ఆగమన్నాడు. నేను అది విని కూడా కొట్టాను. ఒకటి కాదు, రెండు. అలాగే చెప్పమ్మా, ఉన్నదున్నట్టు."

పిల్ల నా మోచెయ్యి వదిలింది. నర్సు వైపు తిరిగి చాలా చిన్నగా చెప్పింది. నర్సు రాయడం ఆపి నన్ను చూసింది. తర్వాత నా చెయ్యి వైపు చూపించి ఏదో అడిగింది.

"తలుపు సందులో పడిందని చెప్పు," అన్నాను.

ఇషిత తల దించుకుంది. తర్వాత చెప్పినదాంట్లో నాకు రెండు మాటలు తెలిశాయి. ఒకటి హ్యామర్. ఇంకొకటి మీ.

మృదుల ఎదురు వరసలోంచి లేచి వచ్చి పిల్ల వెనక నిలబడింది.

పోలీసుల్ని పిలవమంటావా అని పాండురంగను అడిగారు. వద్దన్నాడు. పిల్లల సంక్షేమం చూసే ఒకావిడ వచ్చి మృదులనూ, పిల్లనూ వేరే గదిలోకి తీసుకెళ్ళి గంటసేపు మాట్లాడింది. ఇంటికి వచ్చి చూస్తామని చెప్పిందట. నా చేతికి మూడుచోట్ల విరిగిందని పిండికట్టు వేశారు. పాండురంగ ముక్కు సరిచేసి పట్టీ అంటించారు. బయటికి వస్తుంటే వాడి ముందు నిలబడ్డాను.

"తప్పు చేశాను బాబూ."

వాడి గొంతు ముక్కులోంచి బొంగురుగా వచ్చింది. "నీ చెయ్యి ఎంతమందిని కొట్టిందో గని తాతా, మస్తు బరువుంది." ముక్కు మీది పట్టీ సరిచేసుకుని అన్నాడు. "ఆ సుత్తికి నువ్వు చెయ్యి అడ్డం పెట్టకుంటె నేను పోతుంటి. గది గూడ యాదుంచుకుంట. కని నిన్ను చూస్తె నాకిప్పుడు భయమైతుంది."

కారులో పాండురంగ ముందు కూర్చున్నాడు. ఇషితా నేనూ వెనక. సాయంత్రం నాలుగు దాటింది. లైట్‌రైలు పట్టాల దగ్గర ఎర్రలైటు పడింది.

మృదుల అద్దంలోంచి నన్ను చూసింది. "అమ్మ కూడా మెట్లనే చెప్పేది."

"ఊఁ."

"ఒక్కసారైనా నువ్వు లోపలికొచ్చి చెబుతావేమోనని చూసేదాన్ని. ప్రతిసారీ చూసేదాన్ని నాన్నా."

లైటు మారింది. వెనక కారు హారన్ కొట్టినా ఆమె కదల్లేదు. తర్వాత పోనిచ్చింది.

ఇషిత మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఇంగ్లీషు వదిలేసి, ఒక్కో మాటా వెతుక్కుంటూ అడిగింది.

"తాతా, నువ్వు అమ్మమ్మని కొట్టావా?"

ఆ పిల్లకు అమ్మమ్మంటే ప్రాణం. అమ్మమ్మ వీడియోలు ఇప్పటికీ ఫోన్‌లో పెట్టుకుని చూస్తుంది. ఒక మాట లేదంటే చాలు. మృదుల కూడా కాదనేది కాదేమో.

"కొట్టాను."

"ఎన్నిసార్లు?"

"లెక్కపెట్టలేదు."

ఇషిత నా వైపు అలాగే చూసింది. నా పిండికట్టు వైపు చూసింది. తర్వాత కిటికీ దగ్గరికి జరిగి కూర్చుంది. మా మధ్య సీటు ఖాళీగా ఉండిపోయింది.

ఇంటి ముందు కారు ఆపాక మృదుల అంది. "అన్నయ్యకు ఫోన్ చెయ్యను. ఇక్కడే ఉండు. అది రోజూ నిన్ను చూస్తూ ఉంటుంది. నువ్వూ దాన్ని చూస్తూ ఉండు. అదే నీకు శిక్ష." ఆమె కోపంగా అనలేదు. అలసిపోయినట్టు అంది.

పాండురంగకు పైన శ్రీరామ్ ఆఫీసు గది ఇచ్చి మంచం వేశారు. పాము రెండు రోజుల తర్వాత తోకకు కుట్లతో వచ్చింది. ఇషిత పెట్టె అంతా వేడినీళ్ళతో కడిగి ఆరబెట్టి, కొత్త పొట్టు పోసి, మళ్ళీ మొదటినుంచి పది రోజులు లెక్క మొదలుపెట్టింది. ఈసారి నన్ను ఏమీ అడగలేదు. స్కూలు నుంచి రాగానే బూట్లు విప్పి తిన్నగా కిందికి పోతుంది. నేను హాల్లో కూర్చుంటాను. నా పక్కనుంచే పోతుంది.

పదో రోజు ఫ్రీజర్‌లోంచి ఎలుకను తీసి వేడినీళ్ళలో పెట్టి కిందికి తీసుకెళ్ళింది. కాసేపు చూసి నేనూ మెట్లు దిగాను. తలుపు తెరిచి ఉంది. పిల్ల పట్టకారుతో ఎలుకను కుండీ ముందు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. చెయ్యి కొంచెం కూడా వణకడం లేదు. లోపల చీకట్లో పాము నాలుక కదిలింది. ఆగింది. వెనక్కు తగ్గింది.

ఇషిత తల తిప్పకుండానే అంది. "తాతా, నువ్వుంటే తినదు."

"నేనేం చెయ్యనమ్మా. కదలను."

"ఇట్ నోస్ యూ. నువ్వంటే దానికి భయం." ఎలుక తోక కూడా ఊగలేదు, అంత నిబ్బరంగా పట్టుకుని ఉంది. "ప్లీజ్, వెళ్ళు."

సరే అన్నాను. బయటికి వచ్చి, చప్పుడు కాకుండా, ఎడమచేత్తో తలుపు మూశాను.